ఏ పార్టీకీ చెందని ఓటరుకు అధ్యక్ష అభ్యర్థుల డిబేట్ల వల్ల తెలిసేది ఏమిటి?

తటస్థ ఓటరు (న్యూజెర్సీ):

మిత్రులకు నమస్కారం. అమెరికా పౌరసత్వం వచ్చిన వారంలోనే ఓటరుగా నమోదు చేసుకున్నాను. పార్టీ పేరు అడిగిన చోట, ఏ పార్టీకీ చెందను అన్న గడిలో టిక్కు పెట్టాను. 2016 నుంచి మూడు అధ్యక్ష ఎన్నికల్లో ఓటు వేశాను గానీ ఆ గడిని మార్చుకోవలసిన అవసరం ఇంతవరకు కనిపించలేదు. మూడుసార్లూ ఒకే పార్టీకి వేయలేదని మాత్రం చెప్పగలను. ఎవరికి వేయాలో తేల్చుకోవడానికి నేను ప్రధానంగా ఆధారపడేది డిబేట్ల మీదే. పార్టీ ప్రకటనలు ఎలాగూ ఏకపక్షంగా ఉంటాయి కనుక, ఇద్దరినీ ఒకే వేదిక మీద, ఒకే ప్రశ్నకు జవాబు చెబుతుండగా చూడడమే న్యాయమైన పద్ధతి అని నా నమ్మకం.

ఆ నమ్మకం 2024లో బాగా సడలింది. జూన్ 27న అట్లాంటాలో బైడెన్, ట్రంప్‌ల మధ్య సీఎన్ఎన్ నిర్వహించిన డిబేట్ మొదలయ్యే ముందు ఒక కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేసి, ఎడమవైపు మా ఇంట్లో నిత్యం చర్చకు వచ్చే ఏడు విషయాలు రాసుకున్నాను: పిల్లల డే కేర్ ఖర్చు, ఇళ్ల ధరలు, సోషల్ సెక్యూరిటీ నిధి, జాతీయ రుణం, మందుల ధరలు, ప్రభుత్వ పాఠశాలలు, చట్టబద్ధంగా వచ్చినవారి గ్రీన్ కార్డుల నిరీక్షణ. కుడివైపు సమాధానాలు రాసుకోవడానికి ఖాళీ వదిలాను. తొంభై నిమిషాల తర్వాత చూసుకుంటే కుడివైపు నా చేతిరాతలో మిగిలిన ముఖ్యమైన మాట ఒక్కటే, “గోల్ఫ్” అని. ఇద్దరు అభ్యర్థులూ తమలో ఎవరు గోల్ఫ్ బాగా ఆడగలరన్న దాని మీద వాదించుకున్న సందర్భం అది. నా ఏడు విషయాల్లో సగానికి పైగా అసలు ఎవరూ అడగనే లేదని నా జ్ఞాపకం. సెప్టెంబర్ 10న ఫిలడెల్ఫియాలో ట్రంప్, కమలా హారిస్‌ల మధ్య ఏబీసీ నిర్వహించిన రెండో డిబేట్‌కు కూడా అదే కాగితాన్ని తిరగేసి వాడాను. ఫలితంలో పెద్ద తేడా లేదు.

నా సందేహం ఇది. ఏ అంశాలు వేదిక ఎక్కాలో, ఏవి ఎక్కకూడదో నిజానికి నిర్ణయించేది ఎవరు? గ్యాలప్ సర్వేల్లో తాము స్వతంత్రులమని చెప్పుకునేవారు 40 శాతానికి పైగా ఉంటున్నప్పుడు, మేము అడగదలచుకున్న ప్రశ్నలకు ఆ వేదిక మీద చోటు లేకపోవడానికి కారణం ఏమిటి? తెలిసినవారు వివరించగలరు.

పాత పాఠకుడు (మేరీల్యాండ్):

తటస్థ ఓటరు గారికి, ముందుగా ఒక చిన్న సవరణ. మీ ఏడు విషయాల్లో కనీసం మూడింటిని జూన్ 27న అడిగారు. నేను డిబేట్లను టీవీలో చూడడం మానేసి, మర్నాడు లిఖిత ప్రతి చదవడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది కనుక ఈ మాట ధైర్యంగా చెప్పగలుగుతున్నాను. డే కేర్ ఖర్చు ఎలా తగ్గిస్తారని సీఎన్ఎన్ మోడరేటర్ జేక్ ట్యాపర్ ఇద్దరినీ సూటిగానే అడిగారు. ట్రంప్ తాను ఎవరెవరిని ఉద్యోగాల నుంచి తొలగించారో, ఎందుకు తొలగించారో చెప్పుకున్నారు. బైడెన్ తన వంతు రాగానే, చరిత్రకారుల లెక్కలో అతి చెడ్డ అధ్యక్షుడు ఎవరన్న దానికి ఎక్కువ సమయం వెచ్చించారు. ప్రశ్నను మళ్లీ గుర్తు చేసినా పరిస్థితి పెద్దగా మారలేదు. మీ కాగితం ఖాళీగా ఉండడానికి కారణం ప్రశ్న లేకపోవడం కాదు.

జాతీయ రుణం సంగతి ఇంకా విచిత్రం. ఆ రాత్రి అందరికీ గుర్తుండిపోయిన ఘట్టం బైడెన్ తడబడి, మాట తెగిపోయి, చివరికి వృద్ధుల ఆరోగ్య బీమా పథకం పేరెత్తి “మెడికేర్‌ను ఓడించాం” అన్నది కదా. ఆయన ఆ మాట అన్నది ఏ ప్రశ్న నడుస్తుండగా అని మీ స్నేహితుల్లో పదిమందిని అడిగి చూడండి. అది జాతీయ రుణం గురించిన ప్రశ్న. అప్పటికి ఆ రుణం 34 లక్షల కోట్ల డాలర్లు దాటింది. తడబాటు మిగిలింది, అప్పు అందరూ మరచిపోయారు. కాగితం కలం పట్టుకుని కూర్చున్న మీకే ఆ ప్రశ్న గుర్తు లేదంటే, వంటింట్లో పని చేసుకుంటూ టీవీ వింటున్నవారికి గుర్తుంటుందని ఎలా అనుకోగలం?

సోషల్ సెక్యూరిటీ గురించీ అడిగారు. దీని మీద నాకు కొంత పట్టుంది కనుక రెండు మాటలు ఎక్కువ రాస్తాను. 2024 నాటి ట్రస్టీల నివేదిక ప్రకారం వృద్ధాప్య పింఛన్ల నిధిలోని నిల్వ 2033 నాటికి అయిపోతుంది. ఆ తర్వాత వచ్చే రాబడితో 79 శాతం చెల్లింపులు మాత్రమే చేయగలరు. దీన్ని సరిచేసే మార్గాలు రహస్యమేమీ కాదు. ఉద్యోగి నుంచి 6.2 శాతం, యజమాని నుంచి మరో 6.2 శాతం వసూలు చేసే పన్నును పెంచవచ్చు. ఆ పన్నుకు 2024లో 1,68,600 డాలర్ల జీతం దగ్గర గీసిన పరిమితిని పైకి జరపవచ్చు. పదవీ విరమణ వయసు పెంచవచ్చు. లేదా చెల్లింపులు తగ్గించవచ్చు. ఈ నాలుగింటిలో ఏది ఎంచుకున్నా కోట్లమందికి కోపం వస్తుంది. అందుకే ఒకరు ధనవంతుల చేత కట్టిస్తామంటారు, మరొకరు ఎవరినీ ముట్టుకోమంటారు. 1983లో వయసును 65 నుంచి క్రమంగా 67కు పెంచే చట్టం వచ్చినప్పుడు కూడా ఆ చట్టానికి పునాది పడింది ఉభయ పార్టీల వారు కూర్చున్న ఒక సంఘంలో, వయసు పెంపు తేలింది ఆ తర్వాత కాంగ్రెస్‌లో. ఒకరు మాత్రమే నష్టపోయే అంశాన్ని రెండోవారు వేదిక మీదికి లాగుతారు. ఇద్దరూ నష్టపోయే అంశాన్ని ఇద్దరూ కలిసే దాటవేస్తారు. రెండు నిమిషాల జవాబు, ఒక నిమిషం ప్రతివాదం అన్న నియమం ఆ దాటవేతకు చాలా సౌకర్యంగా ఉంటుంది.

చరిత్ర విద్యార్థి (ఇల్లినాయ్):

“నిర్ణయించేది ఎవరు” అన్న ప్రశ్నకు జవాబు కాలాన్ని బట్టి మారుతూ వచ్చింది. 1960లో కెనడీ, నిక్సన్ల నాలుగు డిబేట్లను టీవీ సంస్థలే నడిపాయి. అందుకోసం అభ్యర్థులందరికీ సమాన సమయం ఇవ్వాలన్న నిబంధనను కాంగ్రెస్ తాత్కాలికంగా పక్కన పెట్టవలసి వచ్చింది. తర్వాత మూడు ఎన్నికల్లో డిబేట్లే లేవు. 1976, 1980, 1984లలో వాటిని నడిపింది లీగ్ ఆఫ్ విమెన్ ఓటర్స్ అనే, ఏ పార్టీకీ చెందని సంస్థ. 1987లో రెండు పార్టీల జాతీయ అధ్యక్షులు కలిసి డిబేట్ల కమిషన్ ఒకటి ఏర్పాటు చేశారు. మరుసటి ఏడాది రెండు ప్రచార బృందాలూ తలుపులు మూసుకుని ఒక ఒప్పందం రాసుకుని, దాని ప్రకారమే అంతా జరగాలని లీగ్ ముందు పెట్టాయి. ఓటర్లను మభ్యపెట్టే పనిలో తాము భాగం కాబోమని బహిరంగంగా ప్రకటించి లీగ్ తప్పుకుంది. 2004లో బుష్, కెర్రీ బృందాలు రాసుకున్న ఒప్పందం 32 పేజీలు ఉంది. అభ్యర్థులు ఒకరినొకరు నేరుగా ప్రశ్న అడగకూడదన్న షరతు కూడా అందులో ఉంది. రెండు పక్షాల న్యాయవాదులు రాసుకున్న ఆ 32 పేజీల్లో ఓటరు తరఫున ఒక్కరూ సంతకం చేయలేదు.

మూడో అభ్యర్థి విషయానికి వస్తే, 1992 నాటి స్వతంత్ర అభ్యర్థి రాస్ పెరో ఉదంతం తప్పక చెప్పుకోవాలి. అక్టోబర్ మొదట్లో పోటీలోకి తిరిగి వచ్చినప్పుడు సర్వేల్లో ఆయన బలం పది శాతం లోపే ఉండేది. మూడు డిబేట్లలోనూ పాల్గొన్నారు, అరగంట చొప్పున టీవీ సమయం కొని పటాలు పట్టుకుని జాతీయ రుణం గురించి పాఠం చెప్పారు, చివరికి 18.9 శాతం ఓట్లు తెచ్చుకున్నారు. రాష్ట్రాలవారీగా లెక్కించి అధ్యక్షుణ్ని తేల్చే ఎలక్టోరల్ ఓటు మాత్రం ఒక్కటీ రాలేదు. 1996లో ఆయన్ను వేదిక మీదికి రానివ్వలేదు. 2000 నుంచి జాతీయ సర్వేల్లో సగటున 15 శాతం ఉంటేనే ప్రవేశమని కమిషన్ నియమం పెట్టింది. ఆ నియమమే 1992లో ఉండి ఉంటే పెరో గడప బయటే నిలబడేవారు. ఆ ఏడాది, అంటే 2000లో, బోస్టన్‌లో జరిగిన డిబేట్‌ను ప్రేక్షకుడిగా చూడడానికి టికెట్టు పట్టుకుని వచ్చిన గ్రీన్ పార్టీ అభ్యర్థి రాల్ఫ్ నేడర్‌ను కూడా గేటు దగ్గరే వెనక్కి పంపించారు. 2024లో కమిషన్ ప్రమేయం కూడా లేదు. ప్రచార బృందాలు నేరుగా చానెళ్లతోనే మాట్లాడుకున్నాయి. 15 శాతం నియమం మాత్రం చానెల్ షరతుల్లోకి భద్రంగా చేరింది.

ఓటర్లే ప్రశ్నలు అడిగిన సందర్భం ఒకటి చెబుతాను. 1992 అక్టోబర్ 15న రిచ్‌మండ్‌లో, ఎవరికి వేయాలో తేల్చుకోని ఓటర్లను గ్యాలప్ ఎంపిక చేసి కూర్చోబెట్టింది. జుట్టు వెనక్కి ముడి వేసుకున్న ఒకాయన లేచి, మీరు ఒకరి మీద ఒకరు బురద చల్లుకోవడం మాని మా అవసరాల గురించి మాట్లాడతామని మాట ఇస్తారా అని అడిగారు. ఆ తర్వాత ఆ రాత్రి వ్యక్తిగత దూషణలు దాదాపు వినిపించలేదు. మరికాసేపటికి ఒక యువతి, జాతీయ రుణం మీ సొంత జీవితాలను ఎలా తాకింది అని అడిగింది. ఆ సమయంలోనే అప్పటి అధ్యక్షుడు సీనియర్ బుష్ చేతి గడియారం చూసుకోవడం, తర్వాత క్లింటన్ నడిచి ఆమె దగ్గరకు వెళ్లి మీ జీవితం ఎలా మారిందో చెప్పమనడం అందరికీ తెలిసినవే. అంతగా గుర్తుంచుకోనిది మరొకటుంది. బుష్‌కు ప్రశ్న అర్థం కాలేదని గ్రహించిన మోడరేటర్ కల్పించుకుని, ఆమె ఉద్దేశం రుణం కాదు, ఆర్థిక మాంద్యమని వివరించారు. బహుశా ఆమె ఉద్దేశం అదే కావచ్చు. ఏమైనా ఆ క్షణం నుంచి రుణం పక్కకు పోయింది. పాత పాఠకుడు గారు 2024 గురించి చెప్పినదే ముప్పై రెండేళ్ల ముందు కూడా జరిగింది.

పార్టీ సభ్యుడు (పెన్సిల్వేనియా):

ఇక్కడ అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు కనుక రెండో వైపు కూడా ఎవరో ఒకరు చెప్పాలి. డిబేట్ అనేది విధానాల పరీక్ష కాదు, ఎన్నడూ కాలేదు. విధానాలు కావలసినవారికి పార్టీ మేనిఫెస్టోలు ఉన్నాయి, ఓట్ల రికార్డులు ఉన్నాయి, అభ్యర్థుల వెబ్‌సైట్లు ఉన్నాయి. వేదిక మీద తెలిసేది మనిషి. ఒత్తిడిలో ఎలా ఆలోచిస్తాడు, అవమానిస్తే ఎలా తట్టుకుంటాడు, వయసు ఎంతవరకు సహకరిస్తోంది అన్న విషయాలు. జూన్ 27 డిబేట్ జరిగిన 24 రోజులకు, అంటే జూలై 21న, పదవిలో ఉన్న అధ్యక్షుడు పోటీ నుంచి తప్పుకున్నారు. ఒక డిబేట్ దేశానికి అంత స్పష్టమైన సమాచారం ఇచ్చిన తర్వాత కూడా “ఏమీ తెలియలేదు” అనడం నాకు సబబుగా తోచడం లేదు.

ఇంకో మాట, కొంచెం కటువుగా ఉంటే క్షమించండి. అంశాల మీద అసలు పోరు జరిగేది పార్టీలు తమ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీల్లో. ఆరోగ్య బీమా మీద 2019, 2020లలో డెమొక్రాట్ల ప్రైమరీ డిబేట్లలో గంటల తరబడి వాదించుకున్నారు. మా రాష్ట్రంలో పార్టీలో నమోదైనవారికే ప్రైమరీలో ఓటు ఉంటుంది. వంట మొదలయ్యేటప్పుడు రాకుండా, విస్తరి వేసే వేళకు వచ్చి కూరలు నచ్చలేదంటే వండినవారు ఏం చేయగలరు? పార్టీలో చేరడమంటే ఆత్మను తాకట్టు పెట్టడం కాదు; అది ఒక కాగితం మీద టిక్కు మాత్రమే.

తటస్థ ఓటరు (న్యూజెర్సీ):

పాత పాఠకుడు గారి సవరణను తలవంచి స్వీకరిస్తున్నాను. నిన్న రాత్రి లిఖిత ప్రతి తీసి చదివాను. డే కేర్ ప్రశ్న ఉంది, రుణం ప్రశ్న ఉంది. నా ఎదురుగా అడిగినా నేను వినలేదన్నది కాస్త సిగ్గు కలిగించే విషయమే.

పార్టీ సభ్యుడు గారికి మాత్రం ఒక మనవి. మా రాష్ట్రంలో ఏ పార్టీకీ చెందనివారు ప్రైమరీ రోజున పోలింగ్ కేంద్రంలోనే ఒక పార్టీ పేరు చెప్పి ఓటు వేయవచ్చు. అడ్డంకి అది కాదు. 2024లో మా ప్రైమరీ జూన్ 4న జరిగింది. రెండు పార్టీల అభ్యర్థులూ కావలసిన ప్రతినిధుల సంఖ్యను మార్చి 12 నాటికే చేరుకున్నారు. మీ ఉపమానంలోనే చెప్పాలంటే, మమ్మల్ని వంటింట్లోకి పిలిచే సరికి పొయ్యి ఆరి మూడు నెలలు అవుతోంది. అప్పటికి ఎంపికైన ఇద్దరిలో ఒకరి స్థానంలో తర్వాత వచ్చిన కమలా హారిస్‌ను ఏ రాష్ట్రపు ప్రైమరీ ఓటర్లూ ఆ పదవికి ఎన్నుకోలేదు.

మేముండేది డెలావేర్ నదికి ఈవలి ఒడ్డున. మా టీవీలో వచ్చేవి ఫిలడెల్ఫియా చానెళ్లు కనుక, మీ రాష్ట్రం కోసం చేసిన ప్రచార ప్రకటనలన్నీ మా ఇంట్లో కూడా మోగుతాయి. 2024 శరదృతువులో మా అబ్బాయి ఫ్రాకింగ్ అంటే ఏమిటని అడిగాడు. మా రాష్ట్రంలో రాతిపొరల నుంచి వాయువు తీసే పరిశ్రమ లేదు. మీ 19 ఎలక్టోరల్ ఓట్ల కోసం ఆ మాట డిబేట్ దాకా వెళ్లింది. మా 14 ఓట్లు ఎటు పడతాయో ముందే తెలుసు కనుక మా కోసం అలాంటి మాట ఒకటీ పుట్టలేదు. గెలుపు తేల్చే ఏడు రాష్ట్రాల్లో ఏది పనికొస్తుందన్న లెక్కే ప్రశ్నల ఎంపికను కూడా కొంత శాసిస్తోందని నా అనుమానం.

వరుసలో ఒకరు (టెక్సస్):

తటస్థ ఓటరు గారి జాబితాలోని ఏడో అంశం గురించి ఎవరూ రాయలేదు కనుక నేను రాస్తున్నాను. నాకు ఓటు లేదు. మా ఆయనకూ లేదు. అయినా ఇరవై ఒకటో ఏడు నిండగానే మా పెద్దమ్మాయి తల్లిదండ్రుల వీసా మీద ఆధారపడే హక్కు కోల్పోతుంది. ఆ పిల్ల ఇక్కడికి వచ్చేనాటికి వయసు మూడేళ్లు. ఉద్యోగాల ద్వారా ఇచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. కుటుంబ సభ్యులు కూడా ఆ లెక్కలోనే వస్తారు. ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించి ఇవ్వకూడదన్న పరిమితి 1990 నాటి చట్టంలో ఉంది. భారతదేశంలో పుట్టినవారి వరుస దశాబ్దాల పొడవు ఉండడానికి ఈ రెండు అంకెలే మూలం.

డిబేట్లలో వలస అనగానే దక్షిణ సరిహద్దు గురించే మాట్లాడతారు. సరిహద్దు ముఖ్యం కాదని నేను అనను. కానీ అట్లాంటా డిబేట్‌కు సరిగ్గా వారం ముందు, జూన్ 20న, అమెరికా కళాశాలల్లో పట్టా పొందిన విదేశీ విద్యార్థులకు పట్టాతో పాటే గ్రీన్ కార్డు ఇవ్వాలని ట్రంప్ ఒక పాడ్‌కాస్ట్‌లో అన్నారు. మా వాట్సాప్ గ్రూపుల్లో ఆ వీడియో వందసార్లు తిరిగింది. వారం తర్వాత తొంభై నిమిషాల వేదిక మీద, ఆ మాటకు కట్టుబడి ఉన్నారా అని ఆయన్నీ, మీ అభిప్రాయం ఏమిటని ఎదుటివారినీ ఒక్క వాక్యం అడిగి ఉంటే మాలాంటి లక్షల కుటుంబాలు ఆ రాత్రి నిద్ర మానుకుని వినేవి. ఓటు లేనివారి ప్రశ్న అడగవలసింది ఓటున్నవారే కదా. అందుకే తటస్థ ఓటరు గారు ఆ అంశాన్ని తన కాగితం మీద రాసుకున్నందుకు ధన్యవాదాలు.

చరిత్ర విద్యార్థి (ఇల్లినాయ్):

తటస్థ ఓటరు గారూ, 1988లో అధ్యక్ష డిబేట్ల నుంచి తప్పుకున్న ఆ లీగ్ ఇంకా పనిచేస్తూనే ఉంది. దాని స్థానిక శాఖలు కాంగ్రెస్, రాష్ట్ర శాసనసభ, పాఠశాల బోర్డు అభ్యర్థులతో సభలు పెడుతుంటాయి. ప్రేక్షకులు చీటీల మీద ప్రశ్నలు రాసి ఇస్తే నిర్వాహకులు చదువుతారు. మీ కాగితంలో పాఠశాలలు, ఇళ్ల ధరలు ఉన్నాయి. ఆ రెండింటి మీద అధ్యక్షుడి కంటే మీ రాష్ట్ర శాసనసభ్యుడికీ, పట్టణ కౌన్సిల్‌కూ ఉన్న అధికారమే ఎక్కువ. ఒకసారి వెళ్లి చూడండి.

తటస్థ ఓటరు (న్యూజెర్సీ):

మీ సూచన చదివి మూడు వారాలయింది. ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించాలి. మా పట్టణ గ్రంథాలయంలో అలాంటి సభ ఒకటి జరిగితే వెళ్లాను. వచ్చినవారు అరవైమంది ఉంటారేమో, ముందు వరుసలో సగం కుర్చీలు ఖాళీ. కొత్త ఇళ్ల నిర్మాణానికి అనుమతులు ఎందుకు ఆగుతున్నాయని చీటీ మీద రాసి ఇచ్చాను. నిర్వాహకురాలు దాన్ని నాలుగోదిగా చదివారు. మొదటి అభ్యర్థి మురుగునీటి శుద్ధి కేంద్రం సామర్థ్యం గురించి, దాన్ని పెంచితే ఆస్తి పన్ను ఎంత పెరుగుతుందన్న దాని గురించి మాట్లాడారు. రెండో అభ్యర్థి ఆ అంకె తప్పని చెప్పి, తన దగ్గరున్న బడ్జెట్ కాగితం చూపించారు. ఇద్దరి మాటలూ నాకు నచ్చలేదు. కుడివైపు గడిలో మాత్రం రాసుకోవడానికి చోటు చాలక కాగితం తిరగేయవలసి వచ్చింది.